సగం బిగించి వచ్చే బండి

ఏటీవీ అంటే ఆల్ టెర్రైన్ వెహికల్. రోడ్డు లేనిచోట తిరగడానికి చేసిన చిన్న నాలుగు చక్రాల బండి ఇది. బైకు మీద కూర్చున్నట్టే అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి. తిప్పడానికి హ్యాండిల్, కింద బూరల్లా ఉబ్బిన టైర్లు. 1970లో హోండా అమెరికాలో అమ్మకానికి పెట్టిన యూఎస్90 ఈ జాతికి మొదటిది. దానికి మూడు చక్రాలే ఉండేవి. 1982లో సుజుకీ నాలుగు చక్రాలది తెచ్చింది. మూడు చక్రాల బండ్లు మలుపుల్లో తిరగబడి ప్రాణాలు తీస్తుండటంతో 1988లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి. తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఇది రిసార్టులో టికెట్ కొని నాలుగు చుట్లు తిరిగిన బండిగానే పరిచయం. సొంతంగా కొనేది తోటలూ ఫామ్‌హౌస్‌లూ ఉన్నవాళ్లు, అమెరికాలో ఇంటి వెనక కాస్త నేల ఉన్న తెలుగు కుటుంబాలు.

పేరున్న కంపెనీల పెద్ద ఏటీవీ ధర కారు ధరకు తీసిపోదు. అందుకే మొదటిసారి కొనేవారి చూపు 110, 125 సీసీ చైనా బండ్ల మీద పడుతుంది. వాటి ఇంజన్ మనకు కొత్తదేమీ కాదు. హోండా సూపర్ కబ్ వంశానికి చెందిన, సిలిండర్ బాగా ముందుకు వాలిన ఇంజన్‌కు అది నకలు. 1994లో వచ్చి ఊరూరా తిరిగిన స్ప్లెండర్ 97.2 సీసీ ఇంజన్ కూడా ఆ కుటుంబంలోదే. స్ప్లెండర్‌లో పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు, మామూలుగా దొరికే 110 సీసీ చైనా ఇంజన్‌లోనూ అంతే. స్ప్లెండర్ ఇంజన్ విప్పి బిగించిన మెకానిక్‌కు దీని ముందు కూర్చుంటే కొత్తగా అనిపించేవి క్లచ్, రివర్స్ గేరు మాత్రమే. చవక బండి కొనదగినది అనడానికి ఇదొక్కటే గట్టి కారణం. దాని బలహీనత ఇంజన్‌లో కన్నా బిగింపులో, రబ్బరులో, వైర్లలో, బేరింగుల్లో ఉంటుంది.

కొనేముందు కాగితాల సంగతి తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు, థర్డ్ పార్టీ బీమా లేకుండానూ నడపకూడదు. ఆమోద పరీక్షలు దాటని ఏటీవీకి నంబరు రాదు. అంటే తన తోటలో నడుపుకోవచ్చు కానీ గేటు దాటి పంచాయతీ రోడ్డెక్కితే తప్పే. అవతలి పక్క తోటలోకి వెళ్లాలన్నా ట్రాలీలో ఎక్కించుకు వెళ్లాల్సిందే. అమ్మేవాడు ‘ఎవరూ అడగరు’ అంటే నమ్మకూడదు. ప్రమాదం జరిగిన రోజు అందరూ అడుగుతారు. అమెరికాలో అయితే కొత్త బండితో పాటు తయారీదారు ఇచ్చే ఎంఎస్‌వో అనే మూలపత్రం తప్పక చేతికి తీసుకోవాలి. అది లేకపోతే చాలా రాష్ట్రాల్లో టైటిల్ అనే యాజమాన్య పత్రం చేయించుకోవడం తలనొప్పి అవుతుంది.

అసలు పని బండి ఇంటికి వచ్చిన రోజున మొదలవుతుంది. ఈ బండ్లు ఇనుప చట్రంలో, అట్టపెట్టెలో సగం విప్పి వస్తాయి. చక్రాలు, హ్యాండిల్, బంపర్, బ్యాటరీ కొనుక్కున్నవాళ్లో దుకాణంవాళ్లో బిగించాలి. ఫ్యాక్టరీలో బిగించినవి కూడా బిగిసే ఉన్నాయన్న భరోసా లేదు. అందుకని తొక్కకముందే స్పానర్ సెట్టు పట్టుకుని ముందు నుంచి వెనక్కి ప్రతి నట్టూ చూసుకోవాలి. హ్యాండిల్ క్లాంపులు, స్టీరింగ్ రాడ్డు చివర్లు, చక్రాల నట్లు, ఇంజన్‌ను చట్రానికి పట్టి ఉంచే బోల్టులు, వెనక ఇరుసు మీది జంట నట్లు ముఖ్యం. ముందు చక్రాల మధ్య ఉండే పెద్ద నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉందో లేదో వంగి చూడాలి. ఆ చిన్న పిన్ను లేక నట్టు ఊడితే నడుస్తుండగానే చక్రం విడిపోతుంది. వణుకుకు వదులయ్యే బోల్టులకు మరమీద నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేస్తే చాలు. ఎర్రది వేస్తే మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. మొదటి గంట నడిపాక ఇదే పని మరోసారి, అయిదారు గంటలకు ఇంకోసారి చేయాలి. ఒక మధ్యాహ్నం పట్టే పనే, కానీ చవక బండి మీద పెట్టే సమయమంతటిలో దీనికి మించిన విలువైనది లేదు.

పెట్టెలో వచ్చిన ఇంజన్ ఆయిల్‌ను నమ్ముకోకూడదు. దాన్ని తీసేసి కొత్తది పోసి మొదలుపెట్టడం మంచిది. కొత్త ఇంజన్‌లో గేర్లు, రింగులు ఒకదానితో ఒకటి ఒరుసుకుని సన్నని లోహపు రజను రాలుతుంది. ఈ ఇంజన్లలో చాలావాటికి మార్చుకునే ఆయిల్ ఫిల్టరు ఉండదు, ఒక జాలీ మాత్రమే ఉంటుంది. రజను బయటికి పోయే దారి పాత ఆయిల్‌తో పాటే. కాబట్టి అయిదు నుంచి పది గంటలు నడవగానే ఒకసారి, తర్వాత పాతిక ముప్పై గంటలకోసారి మార్చాలి. పట్టేది లీటరు లోపే. ఇక్కడ పొదుపు చేయడం తప్పు. కారు ఆయిల్ మాత్రం వద్దు. ఈ బండ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది, కారు ఆయిల్‌లోని జారుడు మందులకు క్లచ్ పట్టు తప్పుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న బైకు ఆయిల్ పోయాలి.

స్టార్ట్ కావడం లేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ కార్బొరేటర్ దగ్గరికే చేరతాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బండి నెల రోజులు కదలకుండా పడి ఉంటే గిన్నెలోని పెట్రోలు ఆవిరై అడుగున జిగురు మిగులుతుంది, ఆ జిగురే రంధ్రాన్ని మూస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ బాధ మరింత. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, దాన్ని తట్టుకోలేని రబ్బరు పైపులను ఉబ్బించి పగలగొడుతుంది. మన బంకుల్లో ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అమెరికాలో మామూలుగా పది శాతం. బండితో వచ్చిన పెట్రోలు పైపు తీసేసి ఇథనాల్ తట్టుకునేది వేసి, మధ్యలో చిన్న ఫిల్టరు పెడితే తక్కువ ఖర్చుతో పెద్ద చిక్కు తప్పుతుంది. చోక్ వేస్తేనే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతుంటే జెట్ మూసుకున్నట్టే. కార్బొరేటర్ విప్పి క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి ఊది, జెట్ లోంచి వెలుతురు కనిపించేదాకా శుభ్రం చేయాలి. గుండుసూది పెట్టి కెలికితే రంధ్రం పెద్దదై పెట్రోలు లెక్క శాశ్వతంగా చెడుతుంది.

కార్బొరేటర్ మీద చెయ్యి వేయడానికి ముందు స్విచ్చులు చూడటం తెలివైన పని. ఈ బండ్లు బ్రేకు పట్టుకుంటే గానీ స్టార్ట్ కావు. బ్రేకు లీవరు దగ్గరి చిన్న స్విచ్చు చెడినా, హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా, వెనక వేలాడే తాడు స్విచ్చు ఊడినా ఇంజన్ మూగపోతుంది. అన్నీ సరిగా ఉంటే ప్లగ్ విప్పి చూడాలి. దాని సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. మసి పట్టి నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, తెల్లబారితే తక్కువవుతున్నట్టు.

ఎయిర్ ఫిల్టరు స్పాంజిది. దుమ్ములో తిరిగిన ప్రతిసారీ తీసి చూడాలి. సబ్బునీళ్లలో పిండి, బాగా ఆరాక ఫిల్టరు ఆయిల్ పట్టించి పిండి బిగించాలి. పొడి స్పాంజి సన్నని దుమ్మును ఆపలేదు, నూనె జిడ్డే దాన్ని పట్టుకుంటుంది. ఈ ఒక్క పని మరిచిపోతే సిలిండర్ గీతలు పడి ఒక్క సీజన్‌లో బోరు చేయించాల్సి రావచ్చు.

టాపెట్ల సందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి, సుమారు 0.05 మిల్లీమీటర్లు ఉండాలి. టాపెట్ చప్పుడు చేస్తే అందరూ కంగారు పడతారు. నిజానికి భయపడాల్సింది చప్పుడు చేయని టాపెట్ గురించి. సందు పూర్తిగా పోతే వాల్వు మూసుకోక కంప్రెషన్ పడిపోతుంది. వేడెక్కాక స్టార్ట్ కాని బండిలో మొదట అనుమానించాల్సింది దీన్నే.

చైన్ రెండు వేళ్లతో ఎత్తితే రెండు, మూడు సెంటీమీటర్లు ఆడాలి. మరీ బిగిస్తే గుంతలో చక్రం పైకి లేచినప్పుడు లాగి బేరింగును తింటుంది. వెనక ఇరుసును పట్టుకునే బేరింగుల డబ్బాకు గ్రీజు నిపుల్ ఉంటే నెలకోసారి గ్రీజు కొట్టాలి. బురద కడిగేటప్పుడు ప్రెషర్ గన్‌ను బేరింగుల వైపు పట్టకూడదు. నీళ్లు సీలు దాటి లోపలికి పోతే గ్రీజు కొట్టుకుపోయి తుప్పు మొదలవుతుంది. సముద్రపు ఇసుకలో తిరిగిన బండిని అదే రోజు మంచినీళ్లతో కడగకపోతే బోల్టు తలలు వారంలో ఎర్రబడతాయి. ఆంధ్ర తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, ఆ గుడ్ల మీద చక్రాలు ఎక్కకూడదు. ఆ రోజుల్లో బండి తీరానికి దూరంగా ఉండాలి.

టైర్ల విషయంలో బైకు అలవాటు పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. బైకు టైరులో పాతిక, ముప్పై పీఎస్ఐ గాలి ఉంటుంది. చిన్న ఏటీవీ టైరుకు మూడు నుంచి ఏడు పీఎస్ఐ చాలు. సరైన అంకె టైరు పక్కన, ఫెండర్ మీది స్టిక్కర్‌లో ఉంటుంది. ఈ టైరే బండికి సగం సస్పెన్షన్, అది నొక్కుకుపోయి నేలను పట్టుకోవాలి. పంక్చర్ షాపులో అలవాటు కొద్దీ గాలి దట్టిస్తే బండి బంతిలా ఎగురుతుంది, టైరు పగిలే ప్రమాదం కూడా ఉంది. మామూలు గేజిలో అయిదు పీఎస్ఐ ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది కాబట్టి తక్కువ ప్రెషర్ గేజి కొనాలి. కుడి ఎడమలకు ఒక్క పీఎస్ఐ తేడా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది.

చిన్న ఏటీవీల్లో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగిసి ఉంటాయి. కారులోలాగా మలుపులో ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరగలేవు. మట్టిలో లోపలి చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, పైగా బండి పక్కకు ఎత్తుకుంటుంది. నడిపే మనిషి ఒంటి బరువు మలుపు లోపలి వైపు వేయాలి. వెనక ఇంకొకరు కూర్చుంటే ఆ వెసులుబాటు పోతుంది. ఒక్కరికోసం చేసిన బండి మీద పిల్లవాణ్ని ముందు కూర్చోబెట్టుకోవడం ముద్దుగా కనిపిస్తుంది గానీ తిరగబడినప్పుడు బండి బరువంతా మొదట పడేది వాడి మీదే. అమెరికా శిశువైద్యుల సంఘం పదహారేళ్ల లోపు పిల్లలు ఏటీవీ నడపకూడదనే చెబుతోంది. అక్కడ అమ్మే బండ్లకు ఆరు, పది, పన్నెండేళ్లు దాటినవారికంటూ వయసు బిళ్లలు ఉంటాయి. పిల్లలకు ఇచ్చే తీరుతామనుకున్న ఇంట్లో ఆ బిళ్లకు లోబడి, యాక్సిలరేటర్ దగ్గరి మరను లోపలికి తిప్పి వేగం తగ్గించి, హెల్మెట్, బూట్లు, గ్లవుజులు వేయించి, పక్కన పెద్దవాళ్లు నిలబడి నడిపించాలి.

ఈ బండ్ల విడిభాగాలు పేరు చెబితే దొరకవు, కొలత చెబితే దొరుకుతాయి. ఒకే ఇంజన్ ఎన్నో పేర్లతో వస్తుంది కాబట్టి చైన్ నంబరు, బేరింగ్ మీది అంకెలు, టైరు మీది 145/70-6 వంటి కొలత, కార్బొరేటర్ మూతి వ్యాసం ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. బేరింగులు, ప్లగ్‌లు చాలావరకు మన బైకు స్పేర్ పార్టుల షాపుల్లోనే దొరుకుతాయి.

వానాకాలమో శీతాకాలమో బండిని రెండు నెలలు పక్కన పెట్టేటప్పుడు కార్బొరేటర్ అడుగు మర వదులు చేసి పెట్రోలు దింపేయాలి. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి నెలకోసారి చిన్న చార్జరుతో నింపాలి. వీటిలో చాలావాటికి కిక్కు ఉండదు, బ్యాటరీ చస్తే బండి కదలదు. చట్రం కింద ఇటుకలు పెట్టి టైర్లను నేల నుంచి లేపాలి. మళ్లీ తీసే రోజున సీటు ఎత్తి ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుకలు గూడు పెట్టాయేమో, వైర్లు కొరికాయేమో చూశాకే తాళం తిప్పాలి.