మీకు తెలుసా? టీ కణం పుట్టుకతో టీ కణం కాదు

రోగాలతో పోరాడే తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణంలోంచి ఒక్క జన్యువును తీసేస్తే ఏమవుతుంది? చచ్చిపోతుందనో, పని మానేస్తుందనో అనుకుంటాం. 2010లో ఎలుకల్లో ఆ పని చేసి చూస్తే రెండూ జరగలేదు. బీసీఎల్11బీ అనే జన్యువు పోయిన టీ కణాలు ఎన్‌కే కణాల్లా మారిపోయాయి. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్. రక్తంలోనే తిరిగే వేరే జాతి తెల్లకణం. విచిత్రం ఏమిటంటే, పూర్తిగా ఎదిగిన టీ కణాలు కూడా ఇలా దారి మళ్లాయి. టీ కణం తన జన్యువుల్లో కొన్నింటిని తానే కోసి కొత్త వరుసలో అతికించుకుంటుంది. ఆ అతుకులు మారిపోయిన కణాల్లోనూ అలాగే ఉన్నాయి కాబట్టి అవి ఎక్కడినుంచి వచ్చాయన్న అనుమానానికి చోటు లేదు. ఆ ఏడాది 'సైన్స్' పత్రిక ఒకే సంచికలో మూడు వేర్వేరు బృందాలు ఈ ఒక్క జన్యువు గురించే రాశాయి.

బీసీఎల్11బీ తయారుచేసే ప్రోటీన్ ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. డీఎన్‌ఏ మీద తాను గుర్తుపట్టే అక్షరాల వరుసను పట్టుకుని, దగ్గరున్న జన్యువును పనిలోకి దించడమో, నోరు మూయించడమో దీని ఉద్యోగం. మనిషిలో ఇలాంటివి సుమారు 1600 ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు పనిలోకి దించడం గురించే ఎక్కువ చెబుతాయి. టీ కణం విషయంలో మాత్రం నోరు మూయించడమే పెద్ద పని అని నాకనిపిస్తుంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లాడికి ఒకప్పుడు ఎంబీబీఎస్ దారి మూసుకుపోయేది చూడండి, అలాంటిదే ఇదీ. తేడా ఒక్కటే. కణంలో ఆ తలుపును బతికున్నన్నాళ్లూ ఎవరో ఒకరు మూసి పట్టుకునే ఉండాలి.

టీ కణం దారి ఎంచుకునే ఈ చదువంతా జరిగేది థైమస్ గ్రంథిలో. రొమ్ము ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన ఉంటుంది. 1961 దాకా ఇది ఎందుకూ కొరగాని అవయవమనే అనుకున్నారు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేస్తే అవి అంటురోగాలకు తట్టుకోలేవనీ, పరాయి ఎలుక చర్మం అతికించినా తిరస్కరించలేవనీ లండన్‌లో శాస్త్రవేత్త జాక్ మిల్లర్ చూపించాకే దాని విలువ తెలిసింది.

ఎముక మజ్జ నుంచి థైమస్‌లోకి వచ్చే కణానికి 'నేను టీ కణాన్ని' అన్న తెలివి ఉండదు. అక్కడ దాన్ని పలకరించేది నాచ్ అనే ప్రోటీన్. రెక్క అంచున గాట్లు పడ్డ డ్రోసోఫిలా ఈగలో వందేళ్ల కిందట మొదట బయటపడింది కాబట్టి గాటు అని అర్థమిచ్చే ఆ పేరు. నాచ్‌లో ఒక భాగం కణం బయట, ఒక భాగం లోపల ఉంటుంది. పక్క కణం తాకగానే లోపలి ముక్క తెగి, నేరుగా కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను కదిలిస్తుంది. 1999లో రెండు ప్రయోగాలు దీని సత్తా తేల్చాయి. ఒకదానిలో నాచ్-1 తీసేస్తే థైమస్‌లో టీ కణాలకు బదులు మరో రకం తెల్లకణాలైన బీ కణాలు తయారయ్యాయి. రెండోదానిలో మజ్జలోనే నాచ్‌ను మేల్కొలిపితే టీ కణాలు అక్కడే పుట్టుకొచ్చాయి, థైమస్ ముఖం చూడకుండానే.

మోతాదు కూడా ముఖ్యమే. గాటా-3 అనే ఫ్యాక్టర్ లేకపోతే టీ కణం లేదు. కానీ నాచ్ సంకేతం లేనప్పుడు అదే గాటా-3ని ఎక్కువగా నింపితే, కుర్ర కణం అలర్జీల్లో దురద పుట్టించే మాస్ట్ కణంగా మారుతుంది.

థైమస్‌లో చేరిన కణాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా అక్కడే చచ్చిపోతాయి. వాటిలో కొన్ని మన ఒంటినే కరిచేవి; వాటిని ముందే ఏరిపారేయాలి కదా! క్లోమంలో మాత్రమే తయారవ్వాల్సిన ఇన్సులిన్‌ను, ఎయిర్ అనే ఫ్యాక్టర్ థైమస్ గోడ కణాల్లో కూడా కొద్దిగా తయారుచేయిస్తుంది, ఈ పరీక్ష కోసమే.

బతికినవి మిగతా కణాలకు సాయపడే హెల్పర్‌లు కావాలా, రోగం సోకిన కణాల్ని చంపే కిల్లర్‌లు కావాలా? ఇక్కడా ఒకదాన్నొకటి అణచుకునే రెండు ఫ్యాక్టర్లున్నాయి. టీహెచ్‌పాక్ గెలిస్తే హెల్పర్, రన్‌ఎక్స్-3 గెలిస్తే కిల్లర్. హెల్పర్‌లు బొత్తిగా లేని ఒక ఎలుక జాతిని వెతుకుతూ పోతే 2005లో తేలింది: టీహెచ్‌పాక్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. హెల్పర్‌లు కావాల్సిన కణాలన్నీ కిల్లర్‌లై కూర్చున్నాయి.

మరో పాత కథ ఫాక్స్‌పీ-3 అనే ఫ్యాక్టర్‌ది. 1949లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, అణుబాంబు కోసం వెలసిన ఓక్‌రిడ్జ్‌లో, కొన్ని మగ ఎలుకపిల్లలు చర్మం పొలుసులు కట్టి, ప్లీహం ఉబ్బి కొద్ది వారాల్లోనే చనిపోయాయి. అక్కడ రేడియేషన్ పరిశోధనలు జరుగుతున్న మాట నిజమేగానీ, ఈ మార్పు దానంతటదే వచ్చింది. ఎలుకల వంశాన్ని కాపాడుతూ వచ్చారు. 1990లలో శాస్త్రవేత్తలు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కారణం వెతికారు. 17 కోట్ల అక్షరాల ఎక్స్ క్రోమోజోమ్‌ను జల్లెడపట్టి 5 లక్షలకు కుదించారు. అక్కడ 20 జన్యువులు. ఒక్కొక్కటే చూస్తూ పోతే, లోపం దొరికింది చిట్టచివరి ఇరవయ్యోదానిలో, అంటే ఫాక్స్‌పీ-3లో! అదే జన్యువు చెడితే మగశిశువులకు ఐపెక్స్ అనే జబ్బు వస్తుందని కూడా 2001లో బయటపడింది. పాలు తాగే వయసులోనే మధుమేహం, ఆగని విరేచనాలు, తామర. మిగతా టీ కణాల దూకుడును ఆపే నియంత్రక కణాలు తయారుకాకపోవడమే కారణం. 2003లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి బృందం మామూలు టీ కణంలోకి ఫాక్స్‌పీ-3 ఎక్కిస్తే అది నియంత్రక కణంలా మసలుకుంది. ఈ ముగ్గురికీ 2025 వైద్య నోబెల్ దక్కింది.

టీ కణాన్ని మలిచే ఇదే యంత్రాంగం అదుపు తప్పితే క్యాన్సర్. టీ కణాల తీవ్ర లుకేమియా రోగుల్లో సగానికి పైగా నాచ్-1 జన్యువులో మార్పులున్నాయని 2004లో తేలింది. చికిత్సలో వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల సంస్థ పరిశోధన విభాగంలో తయారైన మందే అది. మరి నాచ్‌నే నేరుగా ఆపేస్తే? నాచ్ లోపలి ముక్క తెగకుండా చేసే మందుల్ని ప్రయత్నించారు. రోగులకు విరేచనాలు పట్టుకున్నాయి. పేగు లోపలి పొరలో ఏ కణం ఏమవ్వాలో చెప్పేది కూడా నాచే మరి.