కొక్కెరకు కషాయం ఉందా?

బిర్యానీలో ఏరి పక్కన పెట్టే అనాసపువ్వుకూ బర్డ్ ఫ్లూకూ చుట్టరికం ఉంది. మనుషులకిచ్చే ఫ్లూ మందు టామీఫ్లూకి ముడిసరుకు షికిమిక్ ఆమ్లం. అది ఈ పువ్వులో దండిగా దొరుకుతుంది. 2005లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ భయం పట్టుకుని దేశాలన్నీ ఆ మందు నిల్వలకు ఎగబడితే, చైనాలోని గ్వాంగ్‌షీలో విరివిగా పండే అనాసపువ్వుకే కటకట వచ్చింది. తర్వాత ఈ.కోలై బ్యాక్టీరియాతో కూడా ఆ ఆమ్లాన్ని తీయడం నేర్చారు. పువ్వు నమిలితే మాత్రం ఫ్లూ తగ్గదు. ఆ ఆమ్లం ఫ్యాక్టరీలో ఎన్నో మార్పులు పొందాకే మందవుతుంది. పైగా చూడ్డానికి ఇలాగే ఉండే జపాన్ రకం విషం!

పోనీ, ఆ మందు కోళ్లకిస్తే? అమెరికా 2006లోనే వద్దంది. కోళ్లలో వాడితే వైరస్ మొండికెక్కి, రేపు మనిషికీ పనిచేయదని భయం. మన దగ్గరైతే బర్డ్ ఫ్లూ తేలాక వైద్యం మాటే లేదు, షెడ్డు ఖాళీ చేయాల్సిందే.

కోళ్లకొచ్చే మరో వైరస్ జబ్బు కొక్కెర తెగులుకూ మందు లేదు. అయినా మన ఊళ్లలో నాటుకోళ్లకు వెల్లుల్లి, పసుపు నూరి పెడతారు. కెన్యా పల్లెల్లో కలబంద జాతి ఆకులు నలిపి తాగేనీళ్లలో వేస్తారు.

ఇలాంటి ఆకుల సత్తా తేల్చేది కూడా కోడిగుడ్డే. తొమ్మిది నుంచి పదకొండు రోజులు పొదిగిన గుడ్డుకు సన్నటి బెజ్జం పెట్టి, వైరస్‌నూ ఆకు సారాన్నీ కలిపి ఎక్కించి, మైనంతో మూస్తారు. కొన్నాళ్లకు లోపలి ద్రవం తీసి కోడి ఎర్ర రక్తకణాల్లో కలుపుతారు. వైరస్ బాగా పెరిగి ఉంటే కణాలు అతుక్కుని పరీక్ష పళ్లెంలోని గుంటంతా పలచగా పరుచుకుంటాయి. లేకుంటే అడుగున ఎర్రటి బొత్తాంలా కూర్చుంటాయి. వేప సారంతోనూ ఇలా చూశారు. కానీ గుడ్డులో నెగ్గింది మందలో నెగ్గాలని లేదు. పసుపులోని కర్క్యుమిన్నే తీసుకోండి, పేగుల నుంచి రక్తంలోకి చేరేది బహు స్వల్పం. కాబట్టి కషాయం పోసినా, పిల్లకు మొదటి వారంలో వేసే లసోటా టీకా చుక్కలు మానకూడదు.

టీకాల్లోనూ మొక్క చెయ్యి పడింది. 2006లో అమెరికా వ్యవసాయ శాఖ కొక్కెర టీకా ఒకదానికి అనుమతిచ్చింది. తయారైంది పొగాకు కణాల్లో. మొక్క కణాల్లో చేసిన టీకాకు అనుమతి రావడం ప్రపంచంలో అదే మొదలు. తయారు చేసిన కంపెనీ మాత్రం దాన్ని అమ్మకానికే పెట్టలేదు.