యోగోపాధ్యాయులును నిత్యాభ్యాసమును

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరునందు జూను 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా నిర్ణయించినది. స్వదేశీయ విద్య యొకటి యిట్లు లోకాదరణము నందుట మనకెల్లరకును సంతోషకరమే. కాని యీ యుత్సాహమునందు మనము మఱవరాని ప్రశ్న యొకటి కలదు. యోగము నేర్పుటకు పూనుకొనినవారు తాము నేర్చుకొనుట మానలేదు కదా?

అమెరికాలో 1999 సంవత్సరమున నేర్పడిన యోగా అలయన్స్ అను సంస్థ ఉపాధ్యాయత్వమునకు 200 గంటల శిక్షణను ప్రథమ ప్రమాణముగా గైకొన్నది. ఆ కొలతయే మన దేశమునందును వ్యాపించినది. మన కేంద్రప్రభుత్వమును 2018లో యోగ ధ్రువీకరణ మండలిని నెలకొల్పినది. పరీక్షలును పత్రములును అనావశ్యకములని మేము చెప్పము. అయినను దినమునకు 8 గంటల చొప్పున 25 దినములలో 200 గంటలు పూర్తియగును. మాసమైన నిండని యీ పరిచయముతో విద్య ముగిసెనని తలంచుట ప్రమాదకరము. అభ్యాసము దీర్ఘకాలము, ఎడతెగక, శ్రద్ధాపూర్వకముగా సాగినప్పుడే దృఢపడునని పతంజలి మహర్షి మతము.

బి.కె.ఎస్. అయ్యంగారి చరిత్రము ఇచ్చట స్మరింపదగినది. 1918లో కోలారు మండలమందలి బెళ్లూరున జన్మించిన ఆయన బాల్యమున మలేరియా, టైఫాయిడు, క్షయవ్యాధులచే కృశించినవారు. మైసూరున తమ బావగారగు తిరుమలై కృష్ణమాచార్యులవారి యొద్ద కొలదికాలమే విద్య గఱచి, 1937లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఉపాధ్యాయులై పూనా నగరమునకు వెళ్లిరి. శిష్యులలో పలువురు తమకంటె దృఢకాయులు. నేర్చినది చాలదని గ్రహించి, ఆయన దినమునకు పెక్కుగంటలు ఒంటరిగా సాధన చేసిరి. వృద్ధులును రోగులును వచ్చినప్పుడు వారి యశక్తిని నిందింపక, త్రాళ్లు, పట్టీలు, కుర్చీలు, చెక్కదిమ్మెలు ఆధారముగా నొసగి, వారికిని ఆసనములను సుసాధ్యము చేసిరి. 1966లో ‘లైట్ ఆన్ యోగా’ గ్రంథముతో లోకప్రసిద్ధి గాంచిన పిమ్మటను సాధన విడువలేదు. 2014లో పరమపదించునాటికి వారికి తొంబదియైదేండ్లు.

వారి గురువులును ఇట్టివారే. మైసూరు సంస్థానమున బాలురకు శ్రమసాధ్యములగు ఆసనక్రమములు నేర్పిన కృష్ణమాచార్యులవారు, 1950 తరువాతి తొలియేండ్లలో మదరాసు చేరిన పిమ్మట, ఒక్కొక్కరి వయస్సునకును వ్యాధికిని తగిన పద్ధతి వేఱువేఱుగా నేర్పరచిరి. అప్పటికి ఆయన అఱువది దాటినవారు. ఆ వయస్సునను తమ బోధనమును మార్చుకొనుట వారు చిన్నతనముగా నెంచలేదు.

ఇది కేవలము మర్యాదకు సంబంధించిన విషయము కాదు. శీర్షాసనమునందు కంటిలోని పీడనము హెచ్చును. గ్లాకోమా గలవారికి అది హానికరము. మెడయెముకలు బలహీనమైనవారికిని ప్రమాదమే. కంటిజబ్బు గలదా, రక్తపుపోటు గలదా యని యడుగక, అందఱను ఒక్క వరుసలో నిలిపి తలక్రిందులు చేయించు బోధకుడు తాను నేర్చిన 200 గంటలనే మఱల మఱల వల్లించుచున్నాడు. నష్టము శిష్యునిది, అపకీర్తి మన విద్యది.

కావున పిల్లలనో పెద్దలనో యోగశాలకు పంపదలచిన గృహస్థులు గోడపై వ్రేలాడు పత్రమును జూచి తృప్తి నందరాదు. “అయ్యా! తమరు దినమునకు ఎంతసేపు సాధన చేయుదురు? ఇప్పుడు ఎవరి యొద్ద నేర్చుకొనుచున్నారు?” అని వినయముగా నడుగవలెను. ఈ ప్రశ్నకు కోపింపక బదులు చెప్పగల యుపాధ్యాయుని మనము నిశ్చింతగా నాశ్రయింపవచ్చును.