అయోవా మొక్కజొన్న చేలలో సైకిళ్ళ తిరునాళ్ళ

అమెరికాలో అయోవా అనే రాష్ట్రముంది. విస్తీర్ణంలో ఇంచుమించు నేపాల్ దేశమంత. పడమట మిస్సోరి నది, తూర్పున మిసిసిపి నది దాని ఎల్లలు. ఏటా జూలై నెలాఖరు వారంలో వేలాది మంది సైకిళ్ళెక్కి ఈ రాష్ట్రాన్ని ఒక కొస నుండి మరో కొసకు దాటుతారు. ఏడు రోజులు, రమారమి 750 కిలోమీటర్లు. బయలుదేరేముందు వెనుక చక్రాన్ని మిస్సోరిలో తడపడం, చేరుకున్నాక ముందు చక్రాన్ని మిసిసిపిలో ముంచడం ఆనవాయితీ. ఇది పందెం కాదు. ముందొచ్చినవాడికి కప్పూ లేదు, వెనకబడినవాడికి తలవంపూ లేదు. రాగ్‌బ్రాయ్ అని దీనికి పేరు.

రైతు సమస్యల శీర్షికలో ఈ సైకిళ్ళ గోల ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఈ యాత్ర ఆసాంతం పొలాల నడుమనే సాగుతుంది. దానికి తిండీ నీడా ఇచ్చేవి పల్లెటూళ్ళే. అర్ధ శతాబ్దానికి పైగా ఒకే నేల మీద తిరుగుతున్న యాత్ర గనుక, ఆ నేలనే నమ్ముకున్న రైతాంగం ఈలోగా ఏమయిందో చూడడానికి ఇంతకంటె అనువైన దారి మాకు కనపడలేదు. పైగా సైకిలంటే మనకేమైనా పరాయి వస్తువా? పాల క్యాన్లు, పచ్చగడ్డి మోపులు, కూరగాయల గంపలు ఎన్ని మోసిందో లెక్కలేదు. సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీదే వెళ్ళేవారని నేటికీ చెప్పుకుంటున్నాం.

ఈ యాత్రను మొదలుపెట్టింది ఇద్దరు పత్రికా రచయితలు. డెమాయిన్ నగరం నుండి వెలువడే ‘రిజిస్టర్’ దినపత్రికలో పనిచేసే జాన్ కారస్, డోనాల్డ్ కాల్. కాల్ వాషింగ్టన్‌లో కూర్చుని రాసేవాడు. అయోవా గురించి రాయాలంటే ఒకసారి సైకిల్ మీద అయోవా తిరిగి చూడమని కారస్ అన్నాడు. సరే పొండి, పాఠకులను కూడా పిలవండి అంది యాజమాన్యం. 1973 ఆగస్టు ఆఖరు వారంలో సూ సిటీ అనే పట్టణంలో మూడు వందల మంది దాకా వచ్చి నిలబడ్డారు. ఆరు రోజుల తర్వాత డావెన్‌పోర్ట్ వరకు పూర్తిగా తొక్కినవారు 114 మంది. వారిలో క్లారెన్స్ పికార్డ్ అనే 83 ఏళ్ళ ముసలాయన ఉన్నాడు. ఆడవాళ్ళు తొక్కే పాత సైకిలొకటి సంపాదించి, నెత్తిన వెండిరంగు టోపీ, ఒంటిమీద ఉన్ని లోదుస్తులు, నిండు చేతుల చొక్కా వేసుకుని, ఎండ 38 డిగ్రీలు దాటిన రోజున కూడా 177 కిలోమీటర్లు తొక్కాడు. కుర్రాళ్ళు మధ్యలో దిగిపోయారు, ఆయన దిగలేదు. మరుసటి ఏడు మళ్ళీ ఎప్పుడని ఉత్తరాలు వచ్చిపడ్డాయంటే ఆశ్చర్యమేముంది!

రానురాను, కొన్నేళ్ళ పాటు వారం పొడవునా తొక్కేవారి సంఖ్యకు పరిమితి కూడా పెట్టాల్సి వచ్చింది. ఒక రోజుకో రెండు రోజులకో వచ్చి కలిసేవారు మరెందరో. 2020లో కోవిడ్ వల్ల ఆగింది. 2023లో యాభైవ యాత్ర.

రోజు ఎలా గడుస్తుందంటే, తెల్లవారకముందే డేరాలు ఊడదీసి సామాను లారీలో పడేస్తారు. ఎండ ముదరకముందే సగం దూరం తొక్కేయాలని ఆరాటం. అయోవా చాప పరిచినట్లుంటుందని బయటివాళ్ళ భ్రమ. నిజానికి దిబ్బలూ పల్లాలూ ఎక్కి దిగేసరికి తొడలు బిగుసుకుపోతాయి. ఎదురుగాలి వీచిన రోజున పల్లంలో కూడా తొక్కాల్సిందే. అప్పుడు గుంపు విలువ తెలుస్తుంది. ఒకడి వెనుక ఒకడు దగ్గరగా నడిస్తే ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనుకవాడికి కష్టం తగ్గుతుంది. కాసేపటికి ముందువాడు పక్కకు తప్పుకుంటాడు, మరొకడు ముందుకొస్తాడు. మన ఊళ్ళలో నాట్లప్పుడు బదులు పనికి వెళ్ళే పద్ధతి లాంటిదే ఇది కూడా.

పది పదిహేను కిలోమీటర్లకొక పల్లె. జనాభా ఐదారు వందలు. ఆ ఊరి గుండా ఒకే ఉదయాన వేలాది సైకిళ్ళు దాటుతాయి! చర్చి ఆడవాళ్ళు నాలుగు రోజుల ముందు నుండి ఆపిల్, చెర్రీ పైలు చేసి పెడతారు. పండ్ల ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె అది. స్వచ్ఛంద అగ్నిమాపక దళం వాళ్ళు పొద్దున్నే అట్లు పోస్తారు. మొక్కజొన్న బెండ్ల నిప్పు మీద పంది మాంసం కాల్చి అమ్మే గులాబీరంగు బస్సు ఒకటి యాత్రంతా ప్రసిద్ధి. రాత్రికి బడి ఆవరణలో, తిరునాళ్ళ మైదానంలో, జనం ఇళ్ళ ముందరి పచ్చిక మీద డేరాలు. ముక్కూ మొహం తెలియనివాళ్ళను ఇంట్లో స్నానం చేసి పొమ్మంటారు. ఆ సొమ్ముతో ఊరివాళ్ళు ఏం కొనుక్కుంటారు? అగ్నిమాపక దళానికి సామాగ్రి, బడిపిల్లల బ్యాండుకు దుస్తులు, గ్రంథాలయానికి పైకప్పు. ప్రపంచంలో అత్యంత ధనిక దేశంలో ఒక పల్లె తన మంటలార్పే దళం కోసం అట్లు పోసి అమ్ముకోవాల్సి వస్తున్నది. ఈ ముక్క దగ్గర మేము కొంచెంసేపు ఆగిపోయాము.

ఇక దారి పక్కన చూద్దాం. జూలైలో మొక్కజొన్న మనిషి నెత్తిని మించి పెరిగి ఉంటుంది. రెండు వైపులా పచ్చని గోడ, అది అయిపోతే సోయా చిక్కుడు, మళ్ళీ మొక్కజొన్న. గంటల తరబడి తొక్కినా పొలంలో మనిషి కనిపించడు. మన వైపు జూలైలో పొలం అంటే కలుపు తీసేవాళ్ళు, ఎరువు వేసేవాళ్ళు, గట్టు మీద సద్ది మూటలు. అక్కడ ఎవరూ లేరు. ఆ జొన్న కూడా మనుషులు తినేది కాదు. సగానికి పైగా ఇథనాల్ ఫ్యాక్టరీలకు, అంటే మోటారు బండ్ల ఇంధనానికి పోతుంది. మిగిలినదానిలో పెద్ద భాగం పశువుల మేత. రాష్ట్రంలో జనం 32 లక్షలు, పందులు రెండు కోట్లకు పైమాటే. ఇన్ని పందులుంటే దారిలో ఒక్కటీ కనిపించదేమని కొత్తవాళ్ళు అడుగుతారట. పొడవాటి రేకుల షెడ్లలో తలుపులు మూసి పెంచుతారు. కంటికి కనిపించవు గాని గాలి తిరిగితే ముక్కుకు తెలుస్తాయి.

1950లో అయోవాలో రెండు లక్షలకు పైగా వ్యవసాయ క్షేత్రాలు ఉండేవి. 2022 వ్యవసాయ గణన నాటికి 87 వేల లోపు. సగటు క్షేత్రం 345 ఎకరాలు. సగానికి పైగా భూమి కౌలు మీద నడుస్తున్నది. కౌలు అనే మాట మనకే సొంతమనుకుంటాం గదా!

ఇదంతా దానంతటది జరగలేదు. యాత్ర మొదలైన 1970లలో ధాన్యం ధరలు బాగున్నాయి. అప్పు తీసుకోండి, పొలం కొనండి, కంచె నుండి కంచె దాకా దున్నండి అని ప్రభుత్వమూ బ్యాంకులూ రైతును ఎగదోశాయి. తర్వాత వడ్డీ రేట్లు ఆకాశానికంటాయి. 1980 జనవరిలో అమెరికా ప్రభుత్వం సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకాల మీద నిషేధం పెట్టింది. ధర పడిపోయింది. 1981లో ఎకరం సగటున 2,147 డాలర్లు పలికిన భూమి 1986కు 787 డాలర్లకు దిగింది. పొలం విలువ చూసి అప్పిచ్చిన బ్యాంకు అదే పొలాన్ని వేలానికి పెట్టింది. వేలమైన ఒక్కో పొలానికి ఒక్కో తెల్ల శిలువ చొప్పున కోర్టు ఆవరణలో పాతి రైతులు నిరసన తెలిపారు. 1985 అక్టోబరులో గవర్నరు టెరీ బ్రాన్‌స్టాడ్ జప్తుల మీద మారటోరియం ప్రకటించక తప్పలేదు. ఆ డిసెంబరులో హిల్స్ అనే చిన్న ఊళ్ళో అప్పుల్లో కూరుకుపోయిన ఒక రైతు భార్యను, బ్యాంకు అధ్యక్షుణ్ణి, పొరుగు రైతును కాల్చి తనను తాను కాల్చుకున్నాడు. యాత్ర పుట్టిన ‘రిజిస్టర్’ పత్రికను కూడా దాని యజమాన్య కుటుంబం అదే 1985లో గానెట్ అనే గొలుసు సంస్థకు అమ్మేసింది.

రైతులు తగ్గితే ఊరు తగ్గుతుంది. పిల్లలు తగ్గితే బడులను కలిపేస్తారు. యాత్రికులు డేరా వేసిన బడి పదేళ్ళ తర్వాత వచ్చేసరికి మూతపడి ఉండవచ్చు.

1973లో మొదటి రాత్రి మజిలీ స్టార్మ్ లేక్. యాభైవ యాత్రలో, 2023లో కూడా మొదటి రాత్రి అక్కడే. మధ్యలో ఆ ఊరే మారిపోయింది. అక్కడి మాంసం ఫ్యాక్టరీ 1981లో మూతబడింది. మరుసటి సంవత్సరం ఐ.బి.పి. కంపెనీ తెరిచి తక్కువ కూలికి మనుషులను పెట్టుకుంది. 2001లో దాన్ని టైసన్ మింగింది. లావోస్ నుండి, మెక్సికో నుండి, ఇంకా ఎన్నో దేశాల నుండి వచ్చినవాళ్ళే ఇప్పుడక్కడ కత్తి పట్టి పనిచేసేది. చుట్టుపక్కల పల్లెలు ఖాళీ అవుతుంటే స్టార్మ్ లేక్ బడి పిల్లలతో నిండి ఉన్నదంటే అది వారి చలవే. ఈ ఊరి నుండే ‘స్టార్మ్ లేక్ టైమ్స్’ అనే చిన్న పత్రిక వెలువడేది. దాని సంపాదకుడు ఆర్ట్ కల్లెన్‌కు 2017లో సంపాదకీయాలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. దేని మీద రాశాడు? నీళ్ళ మీద.

పొలాల్లో చల్లిన నత్రజని ఎరువు, పంది పేడ వర్షానికి కరిగి నేల అడుగున వేసిన మురుగు గొట్టాల గుండా నదుల్లోకి చేరుతుంది. డెమాయిన్ నీటి సంస్థ నైట్రేట్‌ను వేరు చేయడానికే ప్రత్యేకంగా ఒక యంత్రాగారం నడుపుతున్నది. 2015లో అది ఎగువనున్న మూడు జిల్లాల డ్రైనేజీ సంస్థల మీద దావా వేసింది. ఆ జిల్లాల తరపున లాయర్ల ఖర్చు తెరవెనుక ఎవరు భరిస్తున్నారని కల్లెన్ పట్టుబట్టి అడిగాడు. ఎరువుల, వ్యవసాయ కంపెనీల వర్గాలేనని తేలింది. 2017లో దావా కొట్టివేశారు. 2025 జూన్‌లో నైట్రేట్ మితిమీరి, డెమాయిన్ ప్రాంతంలో ఇళ్ళ ముందరి పచ్చికకు నీళ్ళు పెట్టడమే నిషేధించాల్సి వచ్చింది. కొన్ని వారాలకే సైకిళ్ళు బయలుదేరాయి, ఆ ఏడు ఆరెంజ్ సిటీ నుండి గట్టెన్‌బర్గ్‌కు.

రైతే నీళ్ళు పాడుచేశాడని పట్నం వాళ్ళు, పట్నం వాళ్ళకు పల్లె గోడు పట్టదని రైతులు తిట్టుకుంటారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పై తింటూ మాట్లాడుకునే వారం ఏడాదిలో ఇదొక్కటే. దాంతో ఏ చట్టమూ మారలేదు. అయినా దాన్ని కొట్టిపారేయడం మాకిష్టం లేదు.

యాత్ర ఉత్త పండుగేం కాదు. 2004లో క్రాఫర్డ్ జిల్లాలో రోడ్డు పగులులో చక్రం ఇరుక్కుని ఒక యాత్రికుడు చనిపోయాడు. జిల్లా తరపున 3 లక్షల 50 వేల డాలర్ల పరిహారంతో 2007లో కేసు పరిష్కారమైంది. దాంతో మా జిల్లాలోకి రావద్దని కొంతకాలం నిషేధించారు. ఆ రోడ్లు ట్రాక్టర్లకూ ధాన్యం లారీలకూ వేసినవి. వాటిని సైకిల్‌కు పనికొచ్చేటట్లు ఉంచే ఖర్చు జనం పలచబడుతున్న జిల్లా నెత్తిన పడుతుంది.

సరిగ్గా యాత్ర రోజుల్లోనే కొన్ని చేలలో మాత్రం మనుషులు కనిపిస్తారు. విత్తన మొక్కజొన్న చేలవి. ఆడ వరసల మొక్కల నెత్తిన వచ్చే మగపూతను పెరికివేయాలి, లేకుంటే సంకరం కుదరదు. యంత్రం వదిలేసినవాటిని చేత్తో తీయాల్సిందే. పద్నాలుగేళ్ళు నిండిన బడి పిల్లలూ, వలస కూలీలూ తెల్లారి మంచులో తడుస్తూ ఈ పని చేస్తారు. ఆకు అంచు చేతులను కోస్తుంది. ఇక్కడ ములుగు జిల్లా గిరిజన రైతులను అడిగితే ఆ కోత ఎలా ఉంటుందో చెబుతారు. వాళ్ళూ కంపెనీలకు విత్తన మొక్కజొన్న పండించినవాళ్ళే. పంట దెబ్బతిని 2025లో పరిహారం కోసం రోడ్డెక్కినవాళ్ళే. పయనీర్ అనే సంకర విత్తనాల కంపెనీ 1926లో పుట్టింది ఈ అయోవాలోనే.

మరుసటి ఏటి దారి ఏ ఊళ్ళ గుండా పోతుందో సాధారణంగా జనవరిలో ప్రకటిస్తారు. మజిలీ తమకివ్వమని పట్టణాలు ముందే దరఖాస్తులు పెట్టుకుంటాయి. పేరు వచ్చిన ఊరివాళ్ళు మంచు కురుస్తుండగానే సమావేశమై, ఎన్ని పైలు, ఎన్ని మరుగుదొడ్లు, ఎవరి ఇంట్లో ఎందరు అని లెక్కలు వేసుకుంటారు.