పెళ్లి ఉంగరాల ఎంపిక: వధూవరులు కలిసి తీసుకునే నిర్ణయం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ఉంగరాలు కొనేముందు వధూవరులు చర్చించుకోవలసిన అంశాలను వివరించగలుగుతారు.
• బంగారం స్వచ్ఛతను, ఉంగరం ధరను లెక్కించగలుగుతారు.
• హాల్‌మార్క్ గుర్తులను, కొనుగోలుదారుని హక్కులను తెలుసుకుంటారు.

1. పరిచయం

తెలుగువారి పెళ్లికి ఉంగరం కొత్త కాదు. హిందూ వివాహాల్లో మంగళసూత్రానికీ, మెట్టెలకూ ఉన్న స్థానం ఉంగరానికి లేదు. అయినా నీళ్ల బిందెలో వేసిన ఉంగరాన్ని వధూవరులు పోటీపడి తీసే వేడుక నేటికీ కనిపిస్తుంది. క్రైస్తవ వివాహాల్లో ఉంగరాలు మార్చుకోవడం పెళ్లి క్రతువులోనే భాగం. నిశ్చితార్థంలో ఉంగరాలు మార్చుకునే అలవాటు ఇప్పుడు ఇతర కుటుంబాల్లోనూ బాగా వ్యాపించింది.

గృహ వనరుల నిర్వహణ దృష్టితో చూస్తే ఈ కొనుగోలుకు ఒక ప్రాధాన్యం ఉంది. చాలామంది వధూవరులు కలిసి తీసుకునే మొదటి ఆర్థిక నిర్ణయం ఇదే. అవసరాన్ని గుర్తించడం, వనరులను అంచనా వేయడం, ప్రత్యామ్నాయాలను పోల్చడం, ఎంచుకోవడం, ఫలితాన్ని సమీక్షించడం అనే ఐదు దశలు దీనికీ వర్తిస్తాయి.

2. దుకాణానికి వెళ్లేముందు

మొదటి ప్రశ్న: ఈ ఉంగరం రోజూ ధరించడానికా, వేడుకలకు మాత్రమేనా? దీనికి సమాధానం ఇద్దరి వృత్తిని బట్టి ఉంటుంది. ఉదాహరణకు వధువు ఆసుపత్రిలో నర్సు, వరుడు విద్యుత్ పనివాడు అనుకుందాం. ఎత్తుగా రాయి పొదిగిన ఉంగరం నర్సు చేతి తొడుగుకు తగులుకుంటుంది. దాని సందుల్లో మురికి కూడా చేరుతుంది. లోహంలో విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక, విద్యుత్ పని చేసేటప్పుడు ఏ ఉంగరమైనా తీసివేయాలి. యంత్రాల దగ్గర పనిచేసేవారికి ఉంగరం చిక్కుకుని వేలికి తీవ్ర గాయం కావచ్చు. ఇలాంటి జంటకు రాళ్లు లేని సాదా ఉంగరాలు అనువైనవి.

రెండవ ప్రశ్న విశ్వాసానికి సంబంధించినది. ముస్లిం సంప్రదాయంలో పురుషులు బంగారం ధరించరు. వెండి ఉంగరం ధరించవచ్చు. అప్పుడు ఇద్దరి ఉంగరాలు ఒకే లోహంతో ఉండనవసరం లేదు. ఒకే నమూనాతో జతగా కనిపిస్తే చాలు.

మూడవ ప్రశ్న ఖర్చు. ఉంగరానికి ఇన్ని నెలల జీతం ఖర్చు చేయాలి అనే మాట వజ్రాల వ్యాపార ప్రకటనల నుంచి వచ్చింది. అది ఏ సంప్రదాయమూ కాదు. తాము అప్పు లేకుండా భరించగల మొత్తం ఎంతో ఇద్దరూ ముందే నిర్ణయించుకుని, ఆ అంకెతోనే దుకాణంలో అడుగుపెట్టాలి.

3. లోహం, స్వచ్ఛత

క్యారెట్ అనే పదానికి రెండు అర్థాలున్నాయి. బంగారం విషయంలో అది స్వచ్ఛతను, వజ్రాల విషయంలో బరువును తెలుపుతుంది. ఒక క్యారెట్ వజ్రం బరువు 0.2 గ్రాములు.

స్వచ్ఛమైన బంగారం 24 క్యారెట్లు. 22 క్యారెట్ల నగలో 24 భాగాలకు 22 భాగాలు, అంటే 91.6 శాతం బంగారం ఉంటుంది. 18 క్యారెట్లలో 75 శాతం ఉంటుంది. మిగిలినది రాగి, వెండి వంటి లోహాలు. బంగారం మెత్తని లోహం కనుక 22 క్యారెట్ల ఉంగరంపై గీతలు త్వరగా పడతాయి. 18 క్యారెట్లు అంతకంటే గట్టిది. అందుకే వజ్రాలు పొదగడానికి సాధారణంగా దానిని ఎంచుకుంటారు. తెల్ల బంగారంపై ఉండే రోడియం పూత కాలక్రమంలో అరిగిపోతుంది, మళ్లీ వేయించాలి. అందులో నికెల్ కలిస్తే కొందరి చర్మానికి పడదు.

4. ధర లెక్కించే విధానం

లెక్క సులభంగా ఉండటానికి గ్రాము ధర 22 క్యారెట్లకు రూ.11,000, 18 క్యారెట్లకు రూ.9,000 అనుకుందాం. ఉంగరం బరువు 4 గ్రాములు, మజూరీ 10 శాతం. మజూరీ కలిపిన మొత్తంపై జీఎస్‌టీ 3 శాతం.

22 క్యారెట్లు: బంగారం రూ.44,000 + మజూరీ రూ.4,400 = రూ.48,400. జీఎస్‌టీ రూ.1,452. మొత్తం రూ.49,852.

18 క్యారెట్లు: బంగారం రూ.36,000 + మజూరీ రూ.3,600 = రూ.39,600. జీఎస్‌టీ రూ.1,188. మొత్తం రూ.40,788.

రెండింటి మధ్య తేడా రూ.9,064. ఇక్కడ మూడు విషయాలు గమనించండి. ఒకటి, తిరిగి అమ్మినప్పుడు మజూరీ, పన్ను వెనక్కి రావు. రెండు, కొన్ని దుకాణాలు మజూరీతోపాటు తరుగు పేరుతో మరికొంత శాతం కలుపుతాయి. కనుక రెండూ కలిపి ఎంత శాతమో అడగాలి. మూడు, రాళ్ల బరువు తీసివేసిన తరువాతే బంగారం బరువును లెక్కించాలి.

5. వేలి కొలత

వేలి చుట్టుకొలత రోజంతా ఒకేలా ఉండదు. చలికి వేళ్లు సన్నబడతాయి. ఎండకు, సాయంత్రానికి కొంత ఉబ్బుతాయి. కనుక వేర్వేరు వేళల్లో రెండు మూడుసార్లు కొలత తీసుకోవాలి. కణుపు దాటేటప్పుడు కొద్దిగా బిగుతుగా ఉండి, దాటాక సౌకర్యంగా నిలిచేదే సరైన కొలత. వెడల్పైన ఉంగరం అదే కొలతలో సన్నని ఉంగరం కంటే బిగుతుగా అనిపిస్తుంది. సాదా ఉంగరాన్ని తరువాత పెద్దది, చిన్నది చేయించడం తేలిక. చుట్టూ రాళ్లు పొదిగినదానిని మార్చడం కష్టం.

6. హాల్‌మార్క్, బిల్లు

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) హాల్‌మార్క్‌లో మూడు గుర్తులుంటాయి: బీఐఎస్ చిహ్నం, స్వచ్ఛత (22కె916, 18కె750 వంటివి), ఆరు అక్షరాలు లేదా అంకెల హెచ్‌యూఐడీ సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలను ఈ సంఖ్యతోనే అమ్మాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేసి నగ వివరాలను సరిచూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు నగలకు తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. సన్నని ఉంగరాలు కొనే జంటలు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

హాల్‌మార్క్ నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ లోటు విలువకు రెండింతలు పరిహారంగా, పరీక్ష ఖర్చుతో సహా పొందే హక్కు కొనుగోలుదారునికి ఉంది. బిల్లు లేకుండా ఈ హక్కును నిరూపించుకోవడం కష్టం. కనుక బరువు, స్వచ్ఛత, మజూరీ, రాళ్ల ధర విడివిడిగా రాసిన బిల్లు తీసుకోవాలి. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

7. ఉంగరం కానుకా, కట్నమా?

పెళ్లికొడుక్కి ఉంగరం పెట్టడం వధువు తల్లిదండ్రుల బాధ్యత అని చాలా ఇళ్లలో భావిస్తారు. అల్లుడిపై ప్రేమతో ఇచ్చిన ఉంగరం కానుక. ‘ఇన్ని గ్రాములు ఉండాలి’ అని అడిగి పుచ్చుకున్నది కట్నం. వరకట్న నిషేధ చట్టం, 1961 ప్రకారం కట్నం అడగడమే నేరం. అడగకుండా ఇచ్చిన కానుకలను కూడా జాబితాగా రాసి ఉంచాలని ఆ చట్టం చెబుతోంది. వధువు తండ్రి అప్పు చేసి కొన్న 8 గ్రాముల ఉంగరం కంటే, ఇద్దరూ తమ సంపాదనలోంచి చెరిసగం వేసుకుని కొనుక్కున్న 3 గ్రాముల ఉంగరాలు కొత్త కుటుంబానికి మేలైన ఆరంభం. ఈ విషయం పెద్దలకు ఎవరు చెప్పాలి అన్నది కూడా వధూవరులు కలిసి నిర్ణయించుకోవాలి. తన ఇంటివారికి వరుడే చెప్పడం సబబు. ఆ మాట వధువు నోట వస్తే అది పిసినారితనంగా కనిపించే ప్రమాదం ఉంది.

8. సారాంశం

ఉంగరాల ఎంపికలో వృత్తి, విశ్వాసం, బడ్జెట్ ముందు వస్తాయి. లోహం, నమూనా ఆ తరువాత వస్తాయి. స్వచ్ఛతను, మజూరీని, హాల్‌మార్క్‌ను సరిచూసుకోవడం కొనుగోలుదారుని బాధ్యత. ఖర్చు ఎవరు భరించాలన్నది పెళ్లికి ముందే స్పష్టంగా మాట్లాడుకోవలసిన విషయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బంగారం విషయంలోనూ, వజ్రాల విషయంలోనూ క్యారెట్ అనే పదానికి గల తేడా ఏమిటి?
2. పై ధరల ప్రకారం 12 శాతం మజూరీతో 3 గ్రాముల 18 క్యారెట్ల ఉంగరం మొత్తం ధర ఎంత? (సమాధానం: దాదాపు రూ.31,147)
3. కానుకకూ, కట్నానికీ గల భేదాన్ని మీ ప్రాంతపు పెళ్లి ఆచారాల నుంచి ఒక ఉదాహరణతో వివరించండి.