వరికోత యంత్రాలలో జాడ తెలిపే పరికరం: అమర్చిన తరువాత చేయవలసిన పరీక్షలు

గౌతమీ గోదావరి తీరాన గల కపిలేశ్వరపురం వంటి గ్రామాలలో వరి పక్వానికి రాగానే కోత యంత్రాలకు ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది. నవంబరు తుపానుకు పైరు చిక్కితే పడిపోయి, గింజ కంకిమీదనే మొలకెత్తే ప్రమాదమున్నది. యంత్రం ఎక్కడ ఉన్నదో, ఎన్ని గంటలు పనిచేసినదో తెలిపే సెల్యులార్ పరికరం ఇటువంటి వేళ అద్దె కేంద్రాలకు, రైతులకు ఉపకరిస్తుంది. అయితే దీపం వెలిగినంత మాత్రాన పరికరం పనిలోకి వచ్చినట్లు కాదు.

ముందుగా డేటా సదుపాయం గల సిమ్‌కు పిన్ తాళం తొలగించి అమర్చాలి. 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను సర్వర్‌లో నమోదు చేసి, ఏపీఎన్, సర్వర్ చిరునామా, పోర్టు సంఖ్యలను పరికరానికి అందించాలి. ఇగ్నిషన్ తీగను కలపనిచో ఇంజను నడిచిన సమయం కచ్చితంగా తెలియదు. గంటల లెక్కన అద్దె చెల్లించే చోట వివాదాలకు ఇది కారణమవుతుంది.

పరికరాలు సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని పంపుతాయి. దానికి 5 గంటల 30 నిమిషాలు కలపనిచో ఉదయం 9 గంటల కోత తెల్లవారుజామున 3.30కి జరిగినట్లు కనిపిస్తుంది.

చివరగా యంత్రాన్ని ఆరుబయట నిలిపి, కపిలేశ్వరపురంలో అక్షాంశం సుమారు 16.7, రేఖాంశం 81.9 డిగ్రీలుగా చూపుతున్నదో లేదో నిర్ధారించుకోవాలి. ఇంజనును కొంతసేపు నడిపి, ఆపి, నమోదైన సమయాన్ని చేతి గడియారంతో సరిచూడాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పరీక్షను కోతలకు ముందే డ్రైవరు, రైతుల సమక్షంలో జరిపిస్తే అద్దె లెక్కపై ఇరువురికీ నమ్మకం కుదురుతుంది.