సుల్తానా కలలో నిజమైనవేంటి? మిగిలిపోయిందేంటి?

సైన్స్ ఫిక్షన్ అనగానే అంతరిక్ష నౌకలు, కాలయంత్రాలు, రోబోలు, గ్రహాంతరవాసులు గుర్తొస్తారు. ఈ రచనలను మెచ్చుకునేటప్పుడు కూడా ఏ యంత్రాన్ని ఎన్నేళ్ల ముందు ఊహించారన్నదే ఎక్కువగా చూస్తాం. ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంది, దానివల్ల ఎవరి బతుకు మారిందన్న ప్రశ్న మాత్రం పక్కకు పోతుంది. మన ఉపఖండంలోనే పుట్టిన ఒక పాత కథ ఈ ప్రశ్ననే సూటిగా అడిగింది.

ఆ కథ 'సుల్తానాస్ డ్రీమ్'. రచయిత్రి బేగం రోకెయా. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో, పరదా పాటించే కుటుంబంలో 1880లో పుట్టారు. ఇంగ్లిష్‌లో రాసిన ఈ కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. రైట్ సోదరుల విమానం ఎగిరి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

కథలో సుల్తానా కునుకు తీస్తూ ఒక స్త్రీరాజ్యంలోకి వెళ్తుంది. అక్కడ ఆడవాళ్లు వీధుల్లో స్వేచ్ఛగా తిరుగుతారు, మగవాళ్లు ఇళ్లలో పరదా చాటున ఉంటారు. వంట సూర్యరశ్మితో, పొలం దున్నడం విద్యుత్తుతో. ప్రయాణానికి గాలిలో ఎగిరే బండ్లున్నాయి. పైకి ఎగరేసిన బెలూన్‌కు గొట్టాలు తగిలించి ఆకాశం నుంచే నీళ్లు తోడుకుంటారు. ఇవన్నీ మహిళా విశ్వవిద్యాలయాల్లో కనిపెట్టినవే. అదే సమయంలో మగవాళ్లు సైనిక బలం పెంచుకోవడంలో మునిగి, ఈ పరిశోధనలను ఎగతాళి చేశారు. చివరికి యుద్ధంలో సైన్యం చేతులెత్తేసినప్పుడు, విద్యార్థినులు సూర్యకిరణాలను కేంద్రీకరించి శత్రువు మీదికి వదిలి దేశాన్ని కాపాడారు. అన్నం వండిన ఎండే ఆయుధమూ అయింది.

ఆ కాలపు ఇతర రచనల పక్కన పెట్టి చూస్తే రోకెయా ప్రత్యేకత తెలుస్తుంది. హెచ్.జి. వెల్స్ 1908లో రాసిన 'ది వార్ ఇన్ ది ఎయిర్' నవలలో ఎగిరే ఓడలు న్యూయార్క్ మీద బాంబులు కురిపిస్తాయి. రోకెయా కథలో ఎగిరే బండి ఆడవాళ్లను తోట దగ్గరికి తీసుకెళ్తుంది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకం ప్రపంచానికి 'రోబో' అనే మాటనిచ్చింది. దాని మూలమైన 'రోబోటా'కు అర్థం వెట్టిచాకిరీ. ఆ నాటకంలో చాకిరీ చేసే యంత్రమనుషులు యజమానుల మీదే తిరగబడతారు. రోకెయా రాజ్యంలో రోజుకు రెండు గంటల్లోనే ఆఫీసు పని ముగుస్తుంది, మిగిలిన సమయం పనిచేసినవాళ్లకే దక్కుతుంది. పని తగ్గితే ఆ లాభం ఎవరిది? కృత్రిమ మేధ గురించి ఇవాళ మనం వాదించుకుంటున్నదీ ఇదే.

ఆ యంత్రాల్లో చాలావరకు ఏదో ఒక రూపంలో మనకు వచ్చేశాయి. ఇంటికప్పుల మీద సోలార్ పలకలున్నాయి, గాలిలోని తేమను నీరుగా మార్చే పరికరాలున్నాయి, పొలాల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి.

అదే కథలో ఒక చట్టం కూడా ఉంది. ఆ రాజ్యపు రాణి ఆడపిల్లలందరికీ చదువు చెప్పించాలని ఆదేశిస్తుంది, 21 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదంటుంది. ఈ రెండో నియమానికి యంత్రాలతో పనిలేదు. అయినా భారత్‌లో అమ్మాయిల కనీస వివాహ వయసు నేటికీ 18 ఏళ్లే. దాన్ని 21కి పెంచేందుకు 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2024లో ఆ సభ రద్దవడంతో బిల్లూ మురిగిపోయింది. వయసు పెంచితే సరిపోతుందా, ముందు చదువు, ఉపాధి కావాలా అన్న చర్చ వేరే ఉంది. రోకెయా పుట్టిన బంగ్లాదేశ్‌లో 2017 నాటి చట్టం 'ప్రత్యేక పరిస్థితుల్లో' 18 లోపు పెళ్లికీ దారి వదిలింది.

రోకెయా కథ రాసి ఊరుకోలేదు. 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల కోసం బడి తెరిచి, 1932లో చనిపోయేదాకా నడిపారు. ఎగిరే బండిని ఎవరో ఒకరు కనిపెట్టి తీరతారు. ఆడపిల్లను బడికి పంపించాలంటే మాత్రం ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించాల్సిందేనని ఆమెకు తెలుసు.